బొమముడికి సూదిమందా?



పట్టణమునకు ఉద్యోగములకు వెళ్లిన మన సంఘపు ఆడపిల్లలు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు తల్లుల నడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. కుమార్తె పెండ్లి కుదిరిన తల్లులు తమలో తాము మెల్లగా అనుకొనుచున్న ప్రశ్నయు అదే. కనుబొమల నడుమ నిలువుగా పడు గీతలను, నుదుటి మీది ముడుతలను పోగొట్టుటకు సూదిమందులు వచ్చినవి గదా. వానిలో బొటాక్స్ మంచిదా, డిస్పోర్ట్ మంచిదా, జియోమిన్ మంచిదా, లేక ఫిల్లర్ అను మందు వేయించుకొనుట మంచిదా? హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నములలో ఈ మందులు వేయు క్లినిక్కులు కలవు. వాని ప్రకటనలు సెల్‌ఫోనులో మన పల్లె అరుగుల మీదికే వచ్చి కూర్చున్నవి. కావున ఇది పట్నవాసుల ముచ్చట, మిరప కల్లములలో ఎండకు మాడు మనకెందుకు అని ఈ పుట త్రిప్పివేయకుడి.

ఈ ప్రశ్నకు మనలో రెండు జవాబులు వినబడుచున్నవి. మొదటిది ప్రసంగ పీఠము మీదనుండి వచ్చుచున్నది: అది యెజెబెలు పని, ఆ సూది పొడిపించుకొన్న స్త్రీ దేవుడిచ్చిన ముఖమును తృణీకరించినది అని. రెండవది అంగడినుండి వచ్చుచున్నది: పౌడరు వ్రాసికొనుట వంటిదే యిది, నీ చేతిలోని డబ్బును బట్టి ఏదో యొకటి ఎన్నుకొనుము అని. ఈ రెండు జవాబులును తప్పని నేను చెప్పుచున్నాను. పీఠము మందు సంగతి తెలిసికొనక మాటలాడుచున్నది. అంగడి ముఖము దేనికి ఇయ్యబడెనో తలంపక మాటలాడుచున్నది.

మొదట మందు సంగతి చూతము. ధనుర్వాతమును ఎరుగనివారు మన పల్లెలలో లేరు. తుప్పు మేకు కాలిలో దిగినప్పుడు టీకా కొరకు పరుగెత్తుచున్నాము గదా. ఆ రోగమును కలిగించు సూక్ష్మజీవికి ఒక జ్ఞాతి కలదు. దాని పేరు క్లాస్ట్రిడియం బొట్యులైనం. ధనుర్వాతపు విషము కండరములను విల్లువలె బిగించివేయును; ఈ జ్ఞాతి విషము వానిని చచ్చుబడ చేసి వదలివేయును. గాలి చొరని చోట, సరిగా పదును పెట్టని మాంసములో అది పెరుగును. జర్మనీ దేశమున వుర్టెంబర్గ్ ప్రాంతములో జస్టినస్ కెర్నర్ అను వైద్యుడు, ప్రేగులలో మాంసమును కూరి చేసిన తిండి తిని చచ్చినవారి సంగతి విచారించి, 1820, 1822 సంవత్సరములలో ఈ విషమును గూర్చి వ్రాసెను. 1895లో బెల్జియము దేశపు ఎల్జెల్ గ్రామములో ఒక శవసంస్కారమునకు వచ్చిన వాద్యగాండ్రు ఊరవేసిన పంది మాంసము తిని పడిపోయిరి, ముగ్గురు చనిపోయిరి. ఆ సందర్భముననే వాన్ ఎర్మెంగెమ్ అను పండితుడు ఈ జీవిని కనుగొనెను.

ఇట్టి విషము మందెట్లాయెనని అడుగుదురు. శాన్ ఫ్రాన్సిస్కో నగరములో అలన్ స్కాట్ అను కన్నుల వైద్యుడు, మెల్లకన్నును కత్తి లేకుండ సరిచేయు ఉపాయము వెదకుచు, ఈ విషమును అత్యల్పముగా తీసికొని, మితిమీరి లాగుచున్న కంటి కండరములో వేసి దానిని సడలించెను. అమెరికా ప్రభుత్వము 1989లో ఆ పనికి దీనిని అనుమతించెను. అంతకు ముందే, 1987లో, కెనడా దేశపు వాంకూవరులో జీన్ కారుథర్స్ గారను కన్నుల వైద్యురాలు, రెప్పలు పట్టుకొని మూసికొనిపోవు రోగము గల స్త్రీకి ఇదే మందు వేయుచుండిరి. ఆ రోగి, నుదుటి దగ్గర కూడ వేయుడి, అక్కడ వేసినప్పుడు నా ముఖము చింతలేనట్లు కనబడుచున్నదని అడిగినదట. ఆ వైద్యురాలి భర్త అలస్టేర్ గారు చర్మవైద్యులు. దంపతులిద్దరు కలిసి పరీక్షలు చేసి 1992లో ప్రకటించిరి. 2002లో అమెరికా వారు బొమముడి గీతలకు దీనిని అనుమతించిరి. చింతలేనట్లు కనబడుట కొరకు వేయు మందు ఆ విధముగా పుట్టినది. చింత తీరుట వేరు సంగతి; ఆ మాట మరల చెప్పుకొందము.

మందు చేయు పని యిది. మనము కనుబొమలు ముడిచినప్పుడు నరము తన కొసనుండి ఒక రసమును విడిచి కండరమునకు ఆజ్ఞ యిచ్చును. ఈ విషము ఆ రసము వెలువడకుండ త్రోవ మూయును. ఆజ్ఞ చేరదు గనుక కండరము కదలదు. కండరము కదలదు గనుక చర్మము ముడుతపడదు. సూది వేసిన కొన్ని దినములకు ఫలము కనబడును, రెండు వారములకు పూర్తి యగును. నరపు కొస మరల మేలుకొనును గనుక మూడు నాలుగు నెలలకు ముడుత తిరిగి వచ్చును. అంతియే గాని, ఒక్కసారి వేయించుకొన్నచో తీరిపోవు పని కాదిది. తొలకరికి వేయించుకొన్నది సంక్రాంతి వరకు నిలువదు.

ఇప్పుడు ప్రసంగ పీఠముతో మాటలాడుదును. అయ్యలారా, యెజెబెలు కన్నులకు రంగు వేసికొన్నందుకు కిటికీలోనుండి పడద్రోయబడలేదు. నాబోతు ద్రాక్షతోట కొరకు అబద్ధ సాక్షులను నిలువబెట్టి నిరపరాధిని చంపించినందుకు ఆమెకు ఆ గతి పట్టినది. ఎస్తేరు రాజు నొద్దకు పోకముందు పండ్రెండు నెలలు తైలములతో, సుగంధములతో శుద్ధి చేయబడెనని అదే గ్రంథములో కలదు. ఆమెను మీరు సండేస్కూలు పిల్లలకు మాదిరిగా చూపుచున్నారు. కాటుకను లెక్కించి భూమి కాజేసిన పాపమును విడిచిపెట్టు ప్రసంగము నాకు రుచింపదు. మన గ్రామములలో నాబోతు తోటలు లేకపోలేదు.

దేవుడిచ్చిన ముఖమును ముట్టరాదనుట మన మిషను చరిత్ర నెరుగని మాట. డిచ్‌పల్లిలోను, సాలూరులోను మిషనువారు కుష్ఠురోగులకు ఆసుపత్రులు పెట్టిన సంగతి పెద్దలకు తెలియును. ఆ రోగము నరములను తినివేసి, కనుబొమలు రాల్చి, ముక్కును కూల్చి, రెప్పలను మూతపడనీయక చేయును. మందు తిని రోగము నయమైనవారిని సైతము ఊరివారు ఆ ముఖమును చూచి రానిచ్చెడివారు కారు. 1946లో వేలూరు మిషను వైద్యశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ గారు వారి చేతులను శస్త్రచికిత్సతో సరిచేసిరి. చేతులతో ఆగలేదు. ఆయనయు, ఆయనతో పనిచేసినవారును తలమీది వెండ్రుకల చర్మముతో క్రొత్త కనుబొమలు పెట్టిరి, కూలిన ముక్కులను నిలిపిరి, నమలు కండరమును మలచి రెప్ప మూతపడునట్లు చేసిరి. ఇది దేవుని పనిలో చేయి పెట్టుట యని ఏ పాస్టరుగారును అనలేదు, స్తోత్రము చేసితిమి. కావున ముఖమును మార్చుట తప్పా ఒప్పా యని కాదు అడుగవలసినది. ఆ మార్పు వలన ముఖము పలుకనేర్చుచున్నదా, మూగవోవుచున్నదా? కుష్ఠురోగి ముఖము కదలనిదై ముసుగువలె నుండెను; వైద్యులు దానికి చలనము నిచ్చుటకు ప్రయాసపడిరి. చలనము గల ముఖమును చలనము లేనిదిగా చేయుటకు మనము డబ్బిచ్చుట ఎంత వింత!

మందును మాత్రము శపింపకుడి. పుట్టుకలో మెదడునకు దెబ్బ తగిలి, కాలి పిక్క బిగిసి, మునివ్రేళ్ల మీద నడచు పిల్లవానికి ఇదే విషమును పిక్కలో వేసి మడమ నేలకు దింపుచున్నారు. పక్షవాతము తరువాత ముడుచుకొనిపోయిన చేతికి, ప్రక్కకు తిరిగి పట్టుకొన్న మెడకు, మానని పార్శ్వపు తలనొప్పికి వైద్యులు దీనిని వాడుచున్నారు. మీ సంఘములో అట్టి బిడ్డ యున్నచో, సాతాను విషమని పీఠము మీదనుండి కేకవేసిన ప్రసంగము విని ఆ తల్లి వైద్యము మానుకొన్నచో, ఆ లెక్క ఎవరు చెప్పుకొందురు?

ఇక అంగడి మాట. ఏది మంచిదని అడిగినవారికి అంగడి పేర్లు చెప్పును, ధరలు చెప్పును. వినుడి. బొటాక్స్, డిస్పోర్ట్, జియోమిన్ మూడును ఒకే జాతి విషము. తయారుచేసిన కంపెనీలు వేరు, కలిపిన పదార్థములు వేరు. జియోమినులో విషమునకు అంటియుండు ఇతర మాంసకృత్తులను తీసివేసిరి. అమెరికాలో డిస్పోర్టునకు 2009లో, జియోమినునకు 2011లో బొమముడి గీతల కొరకు అనుమతి వచ్చినది. 2022లో డాక్సిఫై అను మరియొకటి అచ్చట వచ్చినది. అది ఎక్కువ కాలము, ఇంచుమించు ఆరు నెలలు, నిలుచునని చెప్పుచున్నారు. తగిన మోతాదులో తగిన చేతితో వేసినచో మొదటి మూడింటికిని ఫలములో పెద్ద భేదము లేదు. భేదమంతయు కొలతలో నున్నది, ఇక్కడనే మోసము దాగియుండును.

ఈ మందును యూనిట్లలో కొలుతురు. బొమముడికి బొటాక్స్ అయినచో అయిదు చోట్ల నాలుగేసి చొప్పున 20 యూనిట్లు వేయుదురు. జియోమిను కూడ 20. డిస్పోర్ట్ అయినచో 50. ఒక కంపెనీ యూనిటు మరియొక కంపెనీ యూనిటుతో సమానము కాదు. పూర్వము ఒక ఊరి కుంచము మరియొక ఊరి కుంచముతో సరిపోయెడిది కాదు. ధాన్యము కొలిపించుకొన్న పెద్దలకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. యూనిటు చవుక యని డిస్పోర్టును ఎన్నుకొన్నవాడు రెండున్నర రెట్లు యూనిట్లు కొనుచున్నాడని మరచుచున్నాడు. ఒకదాని లెక్కతో మరియొకటి వేసినచో మోతాదు తప్పును. అది డబ్బు నష్టముతో పోవు పొరపాటు కాదు.

మరియు ఈ మందు సీసా అడుగున ఎండిన పొడిగా వచ్చును. ఉప్పునీరు చేర్చి కరగింతురు. పాలలో ఎన్ని నీళ్లు కలిసినవో పాలు పోయించుకొనువారు నాలుకతో కొంత పోల్చగలరు. ఈ నీటిని చూచి ఎవరును పోల్చలేరు. అందుకే నకిలీకి ఇందులో చోటు మిక్కుటము. 2004లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రములో ఒక క్లినిక్కునందు, మనుష్యులకు వాడుటకు అనుమతి లేని, పరిశోధన కొరకు అమ్మిన గాఢ విషమును ముఖమునకు ఎక్కించుకొని నలుగురు పక్షవాతముతో ఆసుపత్రిపాలైరి. 2024లో అదే దేశమున, లైసెన్సు లేనివారి చేతను, శిక్షణ లేనివారి చేతను, ఇండ్లలోను, సింగారపు అంగళ్లలోను ఇట్టి సూదులు వేయించుకొని జబ్బుపడినవారు 11 రాష్ట్రములలో 22 మంది యని ప్రభుత్వమువారు ప్రకటించిరి. కొందరికి వేసినది నకిలీ సరుకు. అంత తనిఖీ గల దేశములోనే అట్లు జరిగినచో, పెండ్లికూతురిని సింగారించుటకు వచ్చిన ఆమె సంచిలోనుండి సీసా తీసి చవుకగా వేయుదునన్నప్పుడు మన మెంత జాగ్రత్తపడవలెను!

ఫిల్లరు పూర్తిగా వేరు జాతి వస్తువు. అది కండరమును ఆపదు. చర్మము క్రింద నిండి పల్లమును లేపును. ఎక్కువగా వాడబడునది హయలురోనిక్ ఆమ్లమను జిగురు. ముక్కు ప్రక్కనుండి నోటి వరకు దిగు గీతలకు, పూడుకొనిపోయిన చెంపలకు దానిని వేయుదురు. సూదిమందు అనగానే రెండును ఒకటే యని తలంచి, బొమముడి గీతలోనే ఫిల్లరు పోయుమని అడుగువారు కలరు. ఈ మాట గట్టిగా చెప్పుచున్నాను: కనుబొమల నడిమి చోటు ఫిల్లరునకు మిక్కిలి అపాయకరమైన చోట్లలో నొకటి. అచ్చటి సన్నని రక్తనాళములు కంటి నాళములతో కలిసియున్నవి. జిగురు నాళములో పడి వెనుకకు పోయినచో చర్మము చచ్చిపోవచ్చును, కన్ను శాశ్వతముగా పోవచ్చును. ఇది అరుదు, అయినను ఒక గీత కొరకు ఒక కన్నును పందెము పెట్టు బేరము బేరమా? ద్రవరూపపు సిలికోను అని ఎవరైనను చెప్పినచో అచ్చట కూర్చుండనే వద్దు. చర్మము క్రింద అది గడ్డలు కట్టి యేండ్ల తరువాత బాధించును, తీయుట మహా కష్టము.

ఖర్చు విషయము ఎక్కువ వ్రాయను. ఒక్కొక్కసారికి వేల రూపాయలు, ఏటికి మూడు మార్లు. కూలి డబ్బును ఎరిగినవారు లెక్క వేసికొందురు.

ఇంతకును అంగడి ఎన్నడును అడుగని ప్రశ్న యేదనగా, ఆ బొమముడి దేనికున్నది? యోసేపు చెరసాలలో నున్నప్పుడు, ఒక ఉదయమున తోటి ఖైదీలిద్దరి ముఖములు చిన్నబోయి యుండుట చూచి, ఎందుకట్లున్నారని అడిగెను. ఆ ప్రశ్నతోనే ఐగుప్తు కరవునకు జవాబు మొదలాయెను. పానదాయకుడును, భక్ష్యకారుడును నున్నని నుదుళ్లతో కూర్చుండియుండినచో యోసేపు వారిని దాటి పోయియుండును. నెహెమ్యా రాజునకు ద్రాక్షారస మందించుచుండగా, నీకు రోగము లేదే, ముఖము ఏల విచారముగా నున్నదని రాజే అడిగెను. యెరూషలేము గోడలు ఆ విచారముఖము వలన లేచినవి. కయీను ముఖము చిన్నబుచ్చుకొన్నప్పుడు దేవుడు మొదట అడిగినది ఆ ముఖమును గూర్చియే. హత్య జరుగక ముందే అడిగెను. ముఖము మనము తొడుగుకొను నగ కాదు. పొరుగువాడు చదువుటకు దేవుడిచ్చిన పత్రిక.

ఇది భక్తుల మాట మాత్రమే కాదు. 2010లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు పండితులు, బొమముడికి మొదటిసారి ఈ మందు వేయించుకొనుచున్న 40 మంది స్త్రీలచేత, సూదికి ముందును, రెండు వారముల తరువాతను కొన్ని వాక్యములు చదివించిరి. సంతోషపు వాక్యములను చదువుటలో భేదము రాలేదు. దుఃఖపు మాటలు, కోపపు మాటలు గ్రహించుటకు మాత్రము సూది తరువాత ఎక్కువ సమయము పట్టినది. ఎదుటివారి కష్టము వినునప్పుడు మన నుదురును కొంచెము ముడుచుకొనును; ఆ ముడుచుకొనుట గ్రహింపునకు తోడ్పడును కాబోలు. సాక్ష్య కూటములో ఒక విధవరాలు తన గోడు చెప్పుకొనుచుండగా, వినుచున్నవారి ముఖములన్నియు నున్నగా, కదలక యున్నచో ఆమె చెప్పుట ఆపివేయునని నాకు తోచుచున్నది. ఆ భేదము స్వల్పమే. సూది వేయించుకొన్నవారందరు రాతిగుండెవారగుదురని నేననుట లేదు.

నా మాటకు అడ్డముగా నున్న సంగతిని కూడ దాచను. 2012లో స్విట్జర్లండు, జర్మనీ దేశముల వైద్యులు, మందులతో పూర్తిగా తగ్గని మనోవ్యాకులత గల 30 మందిని తీసికొని, కొందరికి ఈ మందును, కొందరికి ఉత్త ఉప్పునీటిని బొమముడిలో వేసిరి. ఆరు వారములకు మందు పడినవారి విచారము ఎక్కువగా తగ్గినది. ముఖము విచారమును వెలిబుచ్చుటయే కాక, లోపలికి తిరిగి పోషించునని దీనినుండి కొందరు తలంచుచున్నారు. అట్లయినచో అది రోగికి వైద్యము. వైద్యుడు చెప్పినచో ఆ సహోదరి సంకోచింపక వేయించుకొనవచ్చును. నేను వాదించుచున్నది రోగము లేని ముఖమును రోగ మని పిలుచు వ్యాపారముతో.

అయితే ఆ వ్యాపారమునకు పెట్టుబడి ఎవరిదని అడిగినచో, చదువరులారా, మనదే. పెండ్లి చూపులకు పోయి, పిల్ల ముఖము చిటచిటలాడుచున్నది, నవ్వు ముఖము కాదు అని వచ్చినవారము మనమే. ఆముదము త్రాగిన ముఖమని కోడలికి పేరు పెట్టినవారము మనమే. మగవాని నుదుట గీతలు పడినచో అనుభవము గలవాడని సంఘపెద్దగా ఎన్నుకొందుము. ఆడుదాని నుదుట అవే గీతలు పడినచో ముసలిదైపోయినది అందుము. మహాసభల ఫ్లెక్సీల మీద మన ప్రసంగికుల ముఖములను చూచితిరా? అరువదేండ్లవారి చెంపలు కంప్యూటరుతో పసిబిడ్డ చెంపలవలె నున్నగా దిద్దబడియున్నవి. వాని క్రింద నిలువబడి, స్త్రీలు ముడుతలు దాచుకొనరాదని ప్రసంగించుచున్నారు! సూది ధర భరింపలేక కంప్యూటరుతో సరిపెట్టుకొన్నారు కాబోలు.

హన్నా దేవాలయములో పెదవులు కదల్చుచు ప్రార్థించినప్పుడు, యాజకుడైన ఏలీ ఆమె ముఖమును చదువలేక త్రాగియున్నదనుకొనెను. ఆమె జవాబు చెప్పిన పిమ్మట, సమాధానముగా పొమ్మని ఆయన పలికిన పిమ్మట, ఆమె ముఖము మరి దుఃఖముగా నుండలేదని వ్రాయబడియున్నది. ఆమె ముడుతకు మందు వినబడుటయే. మన సంఘములలో స్త్రీ కనుబొమలు ముడివడినప్పుడు, ఏమమ్మా అని అడుగువారెందరు? భర్త త్రాగి వచ్చిన రాత్రిని, చిట్టీ అప్పును, బిడ్డ జ్వరమును ఆ రెండు గీతలు చెప్పుచుండగా, ముఖము నవ్వుచు పెట్టుకొనవలెను, క్రైస్తవురాలవు గదా అని బుద్ధి చెప్పుచున్నాము. మన మాటయు క్లినిక్కువారి మాటయు ఒకటే యైనది. వారు డబ్బు తీసికొని గీతను చెరుపుచున్నారు. మనము డబ్బు తీసికొనక చెరుపుకొమ్మనుచున్నాము.

మనము నుదుటి వ్రాతను నమ్మువారము కాము. బ్రహ్మ వ్రాసినదని మన మనుకొనము. అయినను నుదుట కొన్ని వ్రాతలు పడుట నిజము, వానిని వ్రాసినవేవో మనకు తెలియును: ఎండ, పొయ్యి పొగ, మిరప ఘాటు, చింత. వీనితోపాటు నలువదేండ్ల తరువాత వచ్చు చత్వారము. సూదిలో దారము ఎక్కించుటకు, బియ్యములో రాళ్లు ఏరుటకు, బైబిలు అక్షరములు పట్టుటకు కనుబొమలు ముడిచి ముడిచి గీతలు పడినవారు మన స్త్రీలలో ఎందరో యున్నారు. వారికి కావలసినది బొటాక్స్ కాదు, డిస్పోర్ట్ కాదు, కంటి అద్దములు. కన్నుల పరీక్ష చేయించి ఒక జత అద్దములు ఇప్పించుటకు పట్టు ఖర్చు ఆ సూది ఖర్చులో చిన్న భాగము. స్త్రీల సమాజములవారు ఏటికొకసారి కంటి వైద్యుని పిలిపించినచో, బొమముడి విషయములో ఇంత పొడుగు వ్యాసము వ్రాయు పని నాకు కొంత తగ్గును. ఎండలో పనికి పోవునప్పుడు తలగుడ్డ నుదుటి మీదికి లాగి కట్టుకొనుడి; ముడుతల విషయములో అంతకంటె చవుకైన మందు లేదు.

ఇంత చెప్పినను వేయించుకొందునను సహోదరి యుండవచ్చును. ఆమె ఉద్యోగమునకు, ఆమె మనస్సునకు గల కారణములు నాకు తెలియవు. ఆమెను ప్రభువు బల్లనుండి తొలగించు అధికారము నాకు లేదు. ఏ సంఘపెద్దకును ఉన్నదని నేననుకొనను. ఆమెతో నేను చెప్పునది వేరు. అమ్మా, గర్భవతివైనను, బిడ్డకు పాలిచ్చుచున్నను ఈ తలంపు ఇప్పటికి మానుము. కండరములు నీరసించు నరముల జబ్బు ఉన్నచో, జెంటమైసిన్ వంటి సూదిమందులు వాడుచున్నచో, వైద్యునికి ముందే చెప్పుము. బ్యూటీ పార్లరులో వేయించుకొనకుము. చర్మవైద్యము చదివిన డాక్టరు నొద్దకు పొమ్ము. నీ యెదుటనే సీసా తెరువుమని అడుగుము. మందు పేరు, యూనిట్లెన్ని, సీసా మీది నంబరు ఏదియని ఒక కాగితము మీద వ్రాయించుకొనుము. అడిగినందుకు విసుగుకొను డాక్టరును విడిచి రమ్ము. ఒకసారి బొటాక్స్ వేసి మరియొకసారి డిస్పోర్ట్ వేసినచో లెక్క మారునని మరువకుము. బొమముడిలో ఫిల్లరు వద్దని స్పష్టముగా చెప్పుము. వేరొక చోట ఫిల్లరు వేయించుకొనవలసి వచ్చినచో, దానిని కరగించు హయలురోనిడేస్ అను విరుగుడు ఆ క్లినిక్కులో సిద్ధముగా నున్నదా యని ముందుగానే అడుగుము.

బొటాక్స్ జాతి మందు తరువాత ఒక కనురెప్ప వాలిపోయినచో అది కొన్ని వారములలో తీరును. భయపడకుము, డాక్టరునకు చూపుము. మ్రింగుట కష్టమైనను, మాట ముద్దయైనను, ఊపిరి అందకున్నను అది వేరు సంగతి. విషము దూరము ప్రాకినదని అర్థము. అది గంటలలో రావచ్చును, వారముల తరువాత రావచ్చును. అప్పుడు ఆ కాగితము చేతపట్టుకొని పెద్ద ఆసుపత్రికి పొమ్ము, దిష్టి తీయించుకొనుచు ఇంట కూర్చుండకుము. ఫిల్లరు తరువాత సూది గ్రుచ్చిన చోట చర్మము తెల్లబడి నొప్పి లేచినను, చూపు మసకబారినను, తెల్లవారనిమ్ము అనుకొనరాదు. ఆ క్షణముననే వేసిన డాక్టరును లేపి, చూపు విషయమైనచో కంటి ఆసుపత్రికి బయలుదేరవలెను. మొదటి బస్సు కొరకు కూడ ఆగకుము.